జేబు ఖాళీ అయినప్పుడు ఇంగ్లీషు ఏమంటుంది



ఇంగ్లీషులో డబ్బు లేకపోవడాన్ని చెప్పే మాటలు ఒక పట్టాన తరిగేవి కావు. బ్రోక్, స్కింట్, హార్డప్, స్ట్రాప్డ్, పెన్నీలెస్, ఇంపెక్యూనియస్, ఇన్‌సాల్వెంట్, బ్యాంక్‌రప్ట్, ఇండిజెంట్, డెస్టిట్యూట్, పాపర్... ఆలోచించకుండా నోటికొచ్చేవే ఇన్ని. నిఘంటువు తెరిస్తే అన్నిటికీ ఇంచుమించు ఒకే అర్థం రాసి ఉంటుంది. వాడుకలో మాత్రం వీటి మధ్య పెద్ద గోడ ఉంది. గోడకు ఇవతల ఉన్నవి మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటలు. అవతల ఉన్నవి అతని గురించి గుమాస్తా, జడ్జీ, దాత, ప్రభుత్వం రాసుకునే మాటలు. ఈ వారం బ్రోక్ అని ఇంగ్లీషువాడు స్నేహితుడి భుజం మీద చెయ్యేసి చెప్పగలడు. నేను పాపర్‌ని అని చెప్పాల్సి వస్తే తల దించుకుంటాడు. రెండు సందర్భాల్లోనూ జేబులో ఉన్నది సున్నాయే. ఆ గోడను ఎవరు కట్టారో, దాని నీడ మన కోర్టుల దాకా, మన రేషన్ కార్డుల దాకా ఎలా పాకిందో ఈ పూట చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఇవతలి మాటలు.

బ్రోక్ అంటే విరిగిపోయిన, పగిలిపోయిన అని. పదిహేడో శతాబ్దం నాటికే వ్యాపారంలో దెబ్బతిన్నవాణ్ణి ఇలా అనేవారు. పోను పోను వ్యాపారంతో సంబంధం లేని మామూలు మనిషికీ ఆ మాట వచ్చింది. స్టోనీ బ్రోక్, ఫ్లాట్ బ్రోక్ అని ముందు ఒక మాట చేర్చి బరువు పెంచుకున్నారు. బ్రిటన్‌లో ఇప్పుడు ఇళ్లలో, పబ్బుల్లో ఎక్కువగా వినపడేది స్కింట్. చర్మం ఒలిచేశారనే అర్థమిచ్చే స్కిన్డ్ అన్న మాటే అలా మారింది. ఏదో బేరంలో మోసపోయినప్పుడు మనం కూడా తోలు ఒలిచేశారనే అంటాం.

ఈ స్కింట్‌కి లండన్ తూర్పు వాడల్లో ఒక చిత్రమైన మారుపేరు ఉంది. అక్కడి రేవు కూలీలూ తోపుడుబండ్ల వాళ్లూ ప్రాసలతో ఒక వాడుక భాష అల్లుకున్నారు. లింట్ అంటే గాయానికి కట్టే మెత్తటి గుడ్డ. బోరిక్ పట్టించిన కట్టుగుడ్డ బొరాసిక్ లింట్. స్కింట్‌కి లింట్‌తో ప్రాస కుదిరింది కాబట్టి డబ్బు లేదనడానికి బొరాసిక్ లింట్ అన్నారు. తర్వాత ప్రాస కుదిరిన ముక్కనే వదిలేసి బొరాసిక్ ఒక్కటే ఉంచుకున్నారు. అది నోళ్లలో నలిగి బ్రాసిక్ అయింది. బయటివాడు వింటే కట్టుగుడ్డకీ ఖాళీ జేబుకీ సంబంధం ఏమిటో అంతుపట్టదు. పక్కవాడికి తెలియాలి, పైవాడికి తెలియకూడదు. లేమిలో మనిషికి ఉండే ఆ అభిమానం ఈ మాటలో కనిపిస్తుందని నాకనిపిస్తుంది.

మరికొన్ని మాటలు ఒంటి మీద బట్టల్లోంచి వచ్చాయి. డౌన్ ఎట్ హీల్ అంటే బూటు మడమ అరిగిపోయినవాడు. అవుట్ ఎట్ ఎల్బోస్ అంటే కోటు మోచేతుల దగ్గర చిరిగినవాడు. ఆన్ హిజ్ అప్పర్స్ అంటే బూటు అట్ట అడుగంతా పోయి, పైతోలు మీద నడుస్తున్నవాడు. చలీ వానా ఉన్న దేశంలో బూటు లేనివాడికి పని దొరకడం కష్టం. అందుకే అక్కడ లేమిని మొదట కాళ్ల దగ్గర చూశారు.

నాణేల్లోంచి వచ్చినవి మనకు సులువుగా అర్థమవుతాయి. పెన్నీలెస్ అంటే ఒక్క పెన్నీ లేనివాడు. పెన్నీలో నాలుగో వంతు ఫార్దింగ్. ఇత్తడి ఫార్దింగ్ కూడా లేదని ఒక నుడికారం. 1960 చివరితో ఫార్దింగ్ చెలామణీ ఆగిపోయింది, నుడికారం మిగిలింది. గవ్వలతో బేరాలు సాగిన రోజులు పోయినా మనం చిల్లిగవ్వ లేదంటున్నాం. రాగి ఏగాని కంటితో చూడనివాళ్లు కూడా ఎర్ర ఏగాని లేదంటున్నారు. డబ్బు రూపం మారినంత తొందరగా డబ్బు లేకపోవడం రూపం మారదు.

కుదువ కొట్టు గురించి కూడా ఒక మాట. లండన్, మాంచెస్టర్ కార్మిక వాడల్లో ఆదివారం తొడుక్కున్న మంచి కోటును సోమవారం పొద్దున్నే తాకట్టు పెట్టి, శనివారం కూలి చేతికి రాగానే విడిపించుకునేవారు. మళ్లీ సోమవారం అదే కోటు, అదే కొట్టు. ఆ వడ్డీవ్యాపారిని అంకుల్ అనేవారు. గడియారం ఏమైందని అడిగితే అంకుల్ దగ్గరుందని జవాబు. అవసరానికి ఆదుకునేవాడికి ఒక బంధుత్వం కలిపేసుకున్నారు. తాకట్టు అన్న మాట ఎత్తకుండా పని జరిగిపోయింది.

ఈ మాటలన్నిటిలోనూ ఒక గడువు ఉంది, గమనించండి. ఈ వారం స్కింట్. ఈ నెల హార్డప్. జీతం వస్తుంది, కోటు ఇంటికొస్తుంది. ఇవి ఒక స్థితిని చెబుతాయి గాని మనిషికి పేరు పెట్టవు. ఈ నెల కాస్త టైటుగా ఉందండీ అని మన ఊళ్లలో అనే మాట కూడా ఈ కోవలోదే. మనీ టైట్ అన్న ఇంగ్లీషు వాడుక నుంచి వచ్చి మన చేబదుళ్ల మధ్య హాయిగా స్థిరపడింది. లెస్టర్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో గది పంచుకుని చదువుకుంటున్న మన పిల్లలు, వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్న వీసా షరతు మధ్య, నెలాఖరున ఒకరితో ఒకరు బ్రోక్ అనుకుంటారు. ఇంటికి ఫోన్ చేస్తే అంతా బాగానే ఉంది నాన్నా అంటారు. ఆ రెండు వాక్యాలూ ఒకే పూట ఒకే నోటి నుంచి వస్తాయి.

ఇక గోడ దాటి అవతలికి వెళదాం. మొదట ఎదురయ్యేది కోర్టు.

బ్యాంక్‌రప్ట్ అన్న మాట ఇటలీ నుంచి వచ్చింది. బాంకా అంటే డబ్బు మార్చే వర్తకుడు కూర్చునే బల్ల. రోత్తా అంటే విరిగిన. విరిగిన బల్ల. ఈ మాట పదహారో శతాబ్దంలో ఇంగ్లండు చేరేసరికి దాని వెంట చట్టం కూడా వచ్చింది. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1542లో చేసిన ఆ మొదటి చట్టం బ్యాంక్‌రప్ట్‌ను మోసగాడిగానే చూసింది. దురదృష్టం వల్ల చితికిపోయిన వర్తకుడు అనే మనిషి ఆ చట్టంలో లేడు. రాబిన్సన్ క్రూసో రాసిన డేనియల్ డీఫో అసలు వృత్తి వ్యాపారం. 1692లో అతను 17,000 పౌండ్ల అప్పుతో దివాలా తీశాడు. ఆనాటికది కొండంత అప్పు. దాక్కుంటూ, అప్పులవాళ్లతో ఒప్పందాలు చేసుకుంటూ, చట్టం మారాలని 1697లో ఒక పుస్తకంలో వాదించాడు కూడా. నిజాయితీగా ఉన్నదంతా అప్పగించినవాడికి మిగిలిన అప్పు మాఫీ చేసే వెసులుబాటు 1705లో ఆన్ రాణి కాలపు చట్టంతో వచ్చింది. అదే చట్టం మోసం చేసినవాడికి మరణశిక్ష పెట్టింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్యాంక్‌రప్ట్ అనిపించుకునే అర్హత వర్తకులకే. గుమాస్తా, బడిపంతులు, నౌకరు ఎంత అప్పుల్లో మునిగినా అతను బ్యాంక్‌రప్ట్ కాడు, ఇన్‌సాల్వెంట్ డెటర్ అవుతాడు. ఆ మాటకు మాఫీ లేదు, జైలుంది. 1861 దాకా ఇంగ్లండులో ఈ తేడా నడిచింది. ఒకే రకం అప్పు, ఒకే రకం ఖాళీ పెట్టె. పిలిచే మాటను బట్టి ఒకడికి కొత్త జీవితం, ఇంకొకడికి కటకటాలు.

ఆ కటకటాల వెనకే చార్లెస్ డికెన్స్ తండ్రి ఉన్నాడు. జాన్ డికెన్స్ నౌకాదళం జీతాల కచేరీలో గుమాస్తా. 1824 ఫిబ్రవరిలో ఒక రొట్టెల కొట్టు యజమానికి 40 పౌండ్ల 10 షిల్లింగులు బాకీ పడ్డందుకు అతన్ని థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న మార్షల్సీ జైల్లో పెట్టారు. కొద్ది వారాలకు భార్య, చిన్నపిల్లలు కూడా అద్దె కట్టలేక ఆ జైలు గదికే కాపురం మార్చారు. పన్నెండేళ్ల చార్లెస్ మాత్రం బయట ఒక గదిలో ఉంటూ, బూటు పాలిష్ తయారుచేసే కొట్టులో సీసాలకు కాగితాలు అంటించే పని చేసేవాడు. వారానికి ఆరేడు షిల్లింగులు. ఆదివారం జైలుకెళ్లి తల్లిదండ్రులను చూసి వచ్చేవాడు.

ఈ కథలో నన్ను ఎప్పుడూ కుదిపేసేది ఒక చిన్న సంగతి. ఇన్‌సాల్వెంట్‌గా విడుదల కావాలంటే ఆ కుటుంబం దగ్గర మిగిలిన బట్టలూ సొంత వస్తువులూ 20 పౌండ్లకు మించకూడదని నియమం. కాబట్టి పిల్లవాడి ఒంటి మీద బట్టలకు కూడా వెల కట్టాలి. చార్లెస్ వెల కట్టే అధికారి ముందుకు వెళ్లి నిలబడ్డాడు. జేబులో నాయనమ్మ ఇచ్చిన వెండి గడియారం ఉంది. దానికీ లెక్క కడతారేమో అని భయపడుతూ నిలబడ్డాడు. అధికారి అతన్ని పైపైన చూసి పంపించేశాడు. ఆ అబ్బాయి పెద్దవాడై దేశమంతా చదివే రచయిత అయ్యాక కూడా ఈ సంగతులు బయటపెట్టలేదు. ఆయన 1870లో పోయాక స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్రలోనే లోకానికి తెలిశాయి. లిటిల్ డోరిట్ నవలలో మార్షల్సీ జైలును గది గదీ చూపించిన మనిషి, అందులో తన తండ్రి ఉన్నాడని మాత్రం చెప్పుకోలేకపోయాడు. ఇన్‌సాల్వెంట్ అన్న ఆ ఒక్క మాట అంత లోతుగా నాటుకుంది.

ఇదే ఇన్‌సాల్వెంట్ మన దేశానికి ఓడెక్కి వచ్చింది. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909లో ఒక ఇన్‌సాల్వెన్సీ చట్టం, మిగతా ఊళ్లకు 1920లో ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం వచ్చాయి. అప్పులు 500 రూపాయలకు తగ్గకుండా ఉంటే అప్పుదారే కోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అర్జీ పేరు ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎవర్నడిగినా ఆ మాటకు పొట్టి రూపం చెబుతారు: ఐపీ. ఫలానావాడు ఐపీ పెట్టాడు. ఈ మూడు మాటలు చాలు, ఊళ్లో సగం ఇళ్లలో పొయ్యి వెలగదు. పత్తి మీదో మిర్చి మీదో నమ్మకంగా వడ్డీకిచ్చినవాళ్లకు ఒక పొద్దున కోర్టు నోటీసు వస్తుంది. చీటీల కంపెనీ అయితే బోర్డు తిప్పేశాడంటారు, మనిషైతే ఐపీ పెట్టాడంటారు.

ఐపీ అన్న మాట తెలుగులో ఎప్పుడూ అప్పిచ్చినవాడి గొంతుతోనే పలుకుతుంది. అందులో కోపం ఉంది, మోసపోయానన్న బాధ ఉంది. ఆ బాధ న్యాయమైనదే. కూతురి పెళ్లికి దాచుకున్న డబ్బు పోయినవాళ్లను చూస్తే తెలుస్తుంది. కానీ నిజంగానే పంట పోయి, ధర పడిపోయి, చేతిలో ఏమీ లేక కోర్టు మెట్లెక్కినవాడు కూడా ఉంటాడు. వాణ్ణి వేరుగా చెప్పడానికి మన వాడుకలో మాట లేదు. 1542 నాటి ఇంగ్లీషు చట్టంలాగే మన నాలుక కూడా ఇద్దర్నీ ఒకే గాటన కట్టేసింది.

మధ్యలో పెద్దమనుషుల మాటలు కొన్ని ఉన్నాయి, వాటిని త్వరగా దాటేద్దాం. ఇంపెక్యూనియస్ లాటిన్ మాట. పెకూనియా అంటే డబ్బు, పెకుస్ అంటే పశువులు. ఆ రెండూ ఒక్క వేరు నుంచే వచ్చాయి. మందలే సంపద అయిన కాలం ఆ మాటలో నిలిచి ఉంది, మన గోధనంలో ఉన్నట్టే. ఉన్నవాడు లేనివాడైతే రెడ్యూస్డ్ సర్కమ్‌స్టాన్సెస్ అన్నారు, ఎంబరాస్‌మెంట్ అన్నారు. 1897లో ఎలిజబెత్ ఫిన్ అనే ఆమె లండన్‌లో ఒక సహాయ సంఘం పెట్టింది. దాని పేరు డిస్ట్రెస్డ్ జెంటిల్‌ఫోక్స్ ఎయిడ్ అసోసియేషన్. చితికిపోయిన మర్యాదస్తులకు సాయం చేసే సంఘం అన్నమాట. ఆ సంఘం ఎంతోమందిని ఆదుకుంది, అందులో సందేహం లేదు. కానీ పేరు వినండి. కూలివాడు చితికితే పాపర్, దొరగారు చితికితే డిస్ట్రెస్డ్ జెంటిల్‌మన్. ఆకలికి కూడా కులీనత అడిగారు.

ఆ పాపర్ దగ్గరికే వస్తున్నాను. నా మట్టుకు ఇంగ్లీషులో ఇంత బరువైన మాట ఇంకొకటి లేదు.

లాటిన్‌లో పాపర్ అంటే పేద అనే. అంతకంటే ఏమీ లేదు. ఇంగ్లండులో అది చట్టం మాట అయింది. 1601లో ఎలిజబెత్ రాణి కాలపు చట్టం ప్రతి చర్చి పరిధినీ తన పేదలను తానే పోషించుకోమంది. అందుకోసం పన్ను వసూలు చేశారు. లేనివాడి బాధ్యత ఊరిది అని ఒక రాజ్యం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు, ఆ మేరకు దాన్ని మెచ్చుకోవాలి. అయితే పన్ను కట్టేవాళ్లకు తిండి తినేవాళ్ల మీద నిఘా మొదలైంది. 1697 చట్టం సాయం పుచ్చుకునే ప్రతి మనిషీ కుడి భుజం మీద ఎర్రగుడ్డతోనో నీలిగుడ్డతోనో కత్తిరించిన పి అన్న అక్షరం, పక్కన తమ చర్చి పరిధి పేరులోని మొదటి అక్షరం కుట్టించుకుని తిరగాలంది. భార్య, పిల్లలు కూడా. కుట్టించుకోనంటే సాయం ఆగిపోవచ్చు, శిక్షాగృహానికి పంపవచ్చు. ఆ నియమం 1810 దాకా పుస్తకాల్లోంచి పోలేదు. పాపర్ అన్న మాటను నోటితో అనే పని కూడా లేకుండా, చూడగానే చదువుకునేలా మనిషి మీద రాశారు.

1834లో పేదల చట్టాన్ని మార్చి, పేదలను లోపల ఉంచి పని చేయించే వర్క్‌హౌస్‌ల పద్ధతిని దేశమంతా పెట్టారు. లోపల ఉన్నవాడి బతుకు బయట అతి తక్కువ కూలి చేసుకునేవాడి బతుకు కన్నా హీనంగా ఉండాలన్నది దాని సూత్రం. సాయం చేయాలి గాని, ఎవరూ దానికోసం రాకూడదు. గేటు దాటగానే సొంత బట్టలు తీసేసి వర్క్‌హౌస్ బట్టలు ఇచ్చేవారు. భర్త ఒక వార్డు, భార్య ఒక వార్డు, పిల్లలు ఇంకొక వార్డు. అంతకు రెండేళ్ల ముందు, 1832లో, అనాటమీ చట్టం వచ్చింది. వర్క్‌హౌస్‌లో చనిపోయి, బంధువులెవరూ తీసుకుపోని శవాలను వైద్య విద్యార్థుల కోతకు ఇచ్చేయవచ్చని దాని అర్థం. ముసలివాళ్లు చలికి చావడానికైనా సిద్ధపడ్డారు గాని వర్క్‌హౌస్ గడప తొక్కడానికి జంకారంటే కారణం ఇదే. ఇంకొకటి: పేదల సాయం పుచ్చుకున్నవాడికి ఓటు ఉండేది కాదు. 1918లో గాని ఆ అనర్హత తొలగలేదు. ఆ ఒక్క మాట మనిషి బట్టలు తీసుకుంది, ఇంటివాళ్లను విడదీసింది, ఓటు తీసుకుంది, శవాన్నీ వదల్లేదు.

పందొమ్మిదో శతాబ్దం చివర కొందరు వేరే దారి తొక్కారు. వీడు మంచి పేద, వాడు చెడ్డ పేద అని తూకం వేయడం పక్కనబెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చార్లెస్ బూత్ లండన్ వీధి వీధికీ రంగులు వేసి పటాలు గీయించాడు. నూటికి 30 మందికి పైగా పేదరికంలో ఉన్నారని తేల్చాడు. అయినా ఆయన పటంలో నలుపు రంగు వేసిన అట్టడుగు వీధులకు రాసిన వివరణలో దుర్మార్గులు, నేరబుద్ధి గలవారు అన్న మాటలు అలాగే ఉన్నాయి. యార్క్ పట్టణంలో సీబోం రౌంట్రీ ఇంకొంచెం ముందుకెళ్లాడు. మన పిల్లలు తినే కిట్‌క్యాట్‌ను మొదట చేసింది వాళ్ల కుటుంబం కంపెనీయే. 1899లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయించి 1901లో పుస్తకం వేశాడు. అయిదుగురున్న కుటుంబానికి వారానికి 21 షిల్లింగుల 8 పెన్నీలు లేకపోతే ఒళ్లు నిలబడదన్నాడు. అందులో వార్తాపత్రిక లేదు, బస్సు టిక్కెట్టు లేదు, పిల్లలకు బొమ్మ లేదు. అంత పొదుపుగా గీసిన గీతకు కూడా ఎంతోమంది దిగువనే ఉన్నారు. సోమరితనం వల్ల కాదు, కూలి చాలక. మనం ఇవాళ దారిద్ర్యరేఖ అంటున్న మాటకు మూలం ఈ ఇద్దరి పనిలో ఉంది.

అదే 1901లో, అదే లండన్‌లో దాదాభాయి నౌరోజీ పుస్తకం కూడా అచ్చయింది. పావర్టీ అండ్ అన్‌బ్రిటిష్ రూల్ ఇన్ ఇండియా. పావర్టీ అన్న మాటను ఆయన ఒక మనిషి మీదో వీధి మీదో పెట్టలేదు. దేశం మీద పెట్టి, ఈ లేమిని ఎవరు చేశారని పాలకులను అడిగారు. భారతీయుడికి సగటున దక్కేది జైల్లో ఖైదీకయ్యే ఖర్చు కంటే తక్కువని వాళ్ల లెక్కలతోనే చూపించారు. గుమాస్తా మాటను లాక్కుని గుమాస్తా మీదికే తిప్పిన మనిషి ఆయన. ఇంగ్లీషు మీద మనవాళ్లు సాధించిన అధికారానికి నేను మొదట చెప్పే ఉదాహరణ ఇదే.

అమెరికాలోనూ జనం ఒకసారి ఆ పని చేశారు. 1929 తర్వాత బ్యాంకులు కూలి, ఉద్యోగాలు పోయిన రోజుల్లో అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్. ఖాళీ జేబును బయటికి లాగి చూపిస్తే దానికి హూవర్ జెండా అని పేరు. కప్పుకున్న పాత పేపరు హూవర్ దుప్పటి. బూటు చిల్లుకు పెట్టుకున్న అట్టముక్క హూవర్ తోలు. రేకులతో వేసుకున్న గుడిసెల వాడలు హూవర్‌విల్‌లు. ఆ లేమికి తమ పేరు పెట్టుకోవడానికి వాళ్లు ఒప్పుకోలేదు.

ఆ తర్వాత కచేరీ భాష మర్యాద నేర్చుకుంది. పూర్ అనడం మొరటుగా ఉందని నీడీ అన్నారు, డిప్రైవ్డ్ అన్నారు, డిసడ్వాంటేజ్డ్ అన్నారు. జూల్స్ ఫైఫర్ అనే కార్టూనిస్టు 1960లలో ఒక బొమ్మ వేశాడు. ఈ పేర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి తగిలించుకున్న పేదవాడు, చేతికి పైసా రాలేదు గాని మాటలు మాత్రం బాగా వచ్చాయంటాడు. 2006లో అమెరికా వ్యవసాయ శాఖ తన నివేదికల్లోంచి హంగర్ అన్న మాటను తీసి, వెరీ లో ఫుడ్ సెక్యూరిటీ అని పెట్టింది. ఆకలి కొలవడానికి వీల్లేనిది, ఆహారభద్రత కొలవదగింది అన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో శాస్త్రం ఉందేమో గాని, రాత్రి భోజనం లేని ఇంట్లో ఏ తల్లీ ఆ నాలుగు మాటలు పలకదు. ఆకలి అన్న మాట కదలించినట్టు ఆ మాట ఎవర్నీ కదలించదు.

మన దగ్గరికి చేరినవి ఎక్కువగా ఈ కచేరీ మాటలే. బీపీఎల్ మన పల్లెల్లో తెలుగు మాట అయిపోయింది. తెల్లకార్డు వాళ్లం అని మనుషులు తమను తాము చెప్పుకుంటారు. 2019లో రాజ్యాంగ సవరణతో ఈడబ్ల్యూఎస్ వచ్చింది, ఆర్థికంగా బలహీన వర్గాలు అని. వేరే రిజర్వేషన్లు లేని వర్గాల్లో ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం దాని కిందికి రావచ్చు. తెల్లకార్డు ఇల్లూ ఆ ఇల్లూ ఒకటి కాదని అందరికీ తెలుసు. ఏ మాట కింద ఎవరు నిలబడాలో నిర్ణయించేది ఇప్పటికీ ఒక దరఖాస్తు ఫారమే.

ఇక మన సివిల్ కోర్టుల సంగతి. దావా వేయాలంటే కోర్టు ఫీజు కట్టాలి. కట్టలేనివాడి కోసం 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 33వ ఆర్డర్ పెట్టారు. దాని పేరు పాపర్ల దావాలు. ఎవరు పాపర్? ఆ ఫీజు కట్టే స్తోమత లేనివాడు; ఫీజు నిర్ణయించని దావా అయితే, దావాలో ఉన్న ఆస్తి, ఒంటి మీద అవసరమైన బట్టలు మినహాయిస్తే 100 రూపాయల ఆస్తి కూడా లేనివాడు. మార్షల్సీ నుంచి విడుదలకు పన్నెండేళ్ల పిల్లవాడి బట్టలను చూసిన ఆ కన్నే, ఎనభై ఏళ్లు దాటాక, మన జిల్లా కోర్టులో కట్టుబట్టలను లెక్కలోంచి తీసి పక్కన పెట్టింది. భర్త వదిలేసిన ఆడమనిషి మనోవర్తికో ఆస్తిలో వాటాకో దావా వేయాలంటే, నేను పాపర్‌ని అని ప్రమాణం చేసి, ఉన్న చెంబూ తపేలా జాబితా రాసిచ్చి, అవతలి వకీలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వచ్చేది. ఆ మెడలో ఉన్నది బంగారమేనా అని కూడా అడిగేవారు. పాత వకీళ్లు ఇప్పటికీ పాపర్ దావా అనే అంటారు.

1976 సవరణ ఆ మాటను కొట్టేసి ఇండిజెంట్ పర్సన్ అని రాసింది. 100 రూపాయలను 1,000 చేసింది. జప్తు నుంచి చట్టం మినహాయించిన వస్తువులను లెక్కలోంచి తీసేసింది. మాట మారడం మంచిదే. ఆ మాట వెనక ఉన్న భుజం మీది గుడ్డముక్క తెలిసినవాళ్లెవరూ అది పోవాలనే కోరుకుంటారు. కానీ జాబితా పోలేదు, ప్రశ్నలు పోలేదు. ఇండిజెంట్ అని కూడా ప్రమాణం చేసే చెప్పాలి.

అదే 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేర్చింది. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం దూరం కాకూడదని, ఉచిత న్యాయ సహాయం అందించాలని అది రాజ్యానికి చెబుతుంది. దాన్ని అమలుచేసే న్యాయసేవల చట్టం 1987లో వచ్చి, 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ గురించి ఈ రేడియో వింటున్న ప్రతి ఇంట్లోనూ తెలియాలి. ఆ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కర్మాగారాల కార్మికులకు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు, వరద, కరువు, భూకంపం బాధితులకు ఉచితంగా వకీలు దొరుకుతాడు, కోర్టు ఫీజు కూడా సంస్థే చూసుకుంటుంది. వీళ్లెవరినీ నీ ఆదాయమెంత అని అడగరు. ఆదాయ పరిమితి వర్తించేది ఈ జాబితాలో లేని మిగతావాళ్లకే. మనోవర్తి దావాకు వెళ్లే ఆడమనిషి తాను పాపర్‌నని గాని, ఇండిజెంట్‌నని గాని, నిరుపేదనని గాని ఎవరి ముందూ ప్రమాణం చేయక్కర్లేదు. మండల స్థాయిలో, జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవా సంస్థ కార్యాలయం ఉంటుంది, తెల్లకాగితం మీద తెలుగులో అర్జీ రాసిస్తే చాలు. రాయడం రాకపోతే అక్కడివాళ్లే రాసిపెడతారు. జాతీయ న్యాయసేవా సంస్థ ఫోన్ నంబరు 15100. మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి: ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా.